ఒంటబట్టినట్టు సర్టిఫికెట్

విశ్వంభరం గారు ఆ శిక్షణకి వెళ్ళకుండా ఉంటే కొండెంపేట బాలికల వసతి గృహంలో నూట పాతిక మంది ఆడపిల్లలు ఎప్పటిలాగే పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి సాంబారన్నం తిని, ఎక్కాలు వల్లెవేసుకుని పడుకునేవారు. కానీ ప్రభుత్వం ఆయన్ని పంపింది. ఎక్కడో చల్లటి కొండమీద మంచి హోటల్లో మూడు రోజులు ఉంచింది. అక్కడ ఆయనకి మనుషులకి పేగులుంటాయని తెలిసింది.

అంతకుముందు తెలియదని కాదు. కానీ యాభై ఆరేళ్ళ వయసులో, పోషకాహార పర్యవేక్షణ శాఖకి జిల్లా అధికారిగా ఉన్నవాడికి, తెర మీద రంగురంగుల బొమ్మల్లో చిన్నపేగు ప్రత్యక్షమైతే ఆ దర్శనం వేరు. కొండ దిగేసరికి ఆయన మనిషి మారిపోయారు. దిగిన మర్నాడే జిల్లాలోని వార్డెన్లందరినీ సమావేశానికి పిలిచారు.

ఆ సమావేశంలో వెనక వరసలో కూర్చుంది కొండెంపేట వార్డెన్ సత్యవేణి. పన్నెండేళ్ళు ఒప్పంద ఉద్యోగం చేసి చేసి, నిరుడే పర్మనెంటయింది. ప్రొబేషన్ ఇంకా గడవలేదు. సర్క్యులరంటే ఆవిడకి భయం కాదు, భక్తి. వచ్చిన ప్రతిదాన్నీ రెండుసార్లు చదివి, పసుపు దారంతో కట్టి, బీరువాలో దాచుకునే మనిషి. పిల్లలంటే ప్రాణమే గాని, ప్రభుత్వం చెప్పిందంటే అందులో ఏదో ఒక మంచి ఉండే ఉంటుందని ఆవిడ నమ్మకం.

"మనం ఇన్నాళ్ళూ చేస్తున్నదేమిటి?" అన్నారు విశ్వంభరం గారు, పక్కనున్న పళ్ళెంలోంచి వేయించిన జీడిపప్పు అందుకుంటూ. "వండుతున్నాం, వడ్డిస్తున్నాం, పిల్లలు తింటున్నారు, ఖర్చయిందని రాసేస్తున్నాం. ఎంత ఘోరం! నోట్లో పెట్టుకున్నది ఖర్చు కాదు, కేటాయింపు. లాలాజలం తగిలితే పరిపాలనా ఆమోదం. అన్నవాహికలో జారితే బదిలీ. జీర్ణాశయంలో పడింది కేవలం నిల్వ! అక్కడ ఆమ్లంలో గంటల తరబడి నానుతుంది, పిండిలా నలుగుతుంది. శరీరానికి దక్కేది మాత్రం దాదాపు ఏమీ లేదు."

వార్డెన్లు అయ్యో అన్నట్టు ముఖాలు పెట్టారు.

"అది చిన్నపేగులోకి వెళ్ళాలి. కాలేయం నుంచి పిత్తరసం రావాలి, క్లోమం నుంచి క్లోమరసం రావాలి. ఆ పేగు లోపలి గోడ నిండా మెత్తటి తువ్వాలు మీది నూగులాగా చూషకాలుంటాయి. అవి సారాన్ని పీల్చుకుని రక్తానికి అప్పగించాలి. అదీ శోషణ! అదీ వినియోగం! తిన్నది తిండి కాదు, ఒంటబట్టిందే తిండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. సత్యవేణి కూడా కొట్టింది. ఆ ఆఖరి మాట వాళ్ళమ్మ కూడా అనేది.

"మన ప్రభుత్వంలో ఏ నిధికైనా ఒకటే సూత్రం," అంటూ ఆయన గొంతు పెంచారు. "మొదటి విడత వినియోగమైనట్టు ధ్రువపత్రం అందనిదే రెండో విడత విడుదల కాదు. రోడ్డుకైనా అంతే, బోరింగుకైనా అంతే. మరి ఒక్క అన్నానికి మాత్రం ఎందుకీ మినహాయింపు?"

ముందు వరసలో ఎవరో ముసలి వార్డెన్ లేచి, "సార్, ఈలోగా పిల్లలకి ఆకలేస్తే?" అని అడిగాడు.

"ఆకలి అనేది అభిప్రాయం," అన్నారు విశ్వంభరం గారు. "శోషణ అనేది ఆధారం." ఆ ముక్క అనేసి, మిగిలిన జీడిపప్పు కేటాయింపు పూర్తిచేశారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. 'ఇందుమూలముగా సమస్త వసతి గృహ సంక్షేమాధికారులకు తెలియజేయునదేమనగా, వసతి గృహ ఆవరణయందు వడ్డించబడు ప్రతి భోజనమునకు ముందు, భోక్త యొక్క గత భోజనము సంపూర్ణముగా శోషింపబడినట్లు శోషణాధికారిచే ధ్రువీకరణ పొందవలెను. ధ్రువీకరణ లేని భోజనమును విడుదల చేయరాదు. విడుదల కాని వండిన ఆహారమును నాలుగు గంటలకు మించి నిల్వయుంచక, పారబోయవలెను.'

సర్క్యులర్ వెనకే శోషణాధికారీ వచ్చాడు. పేరు కామేశం. మొన్నటిదాకా నీటిపారుదల శాఖలో కాలవ చివరి పొలాలకి నీళ్ళందాయో లేదో చూసే ఉద్యోగం. ఇదీ కాలవ లాంటిదేనని ఇటు వేశారు. మెడలో కొత్త స్టెతస్కోపు, చేతిలో గడియారం. లంచం ముట్టడు, అబద్ధం ఆడడు, ఒకరి మీద కోపం పెట్టుకోడు. వచ్చిన చిక్కల్లా అదే. లంచగొండి అయితే ఏదో ఒకటి చేతిలో పెట్టి పిల్లలకి అన్నం పెట్టుకునేవాళ్ళం కదా అని సత్యవేణి తరవాత చాలాసార్లు అనుకుంది.

మొదటిరోజు మధ్యాహ్నం పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వరసకి ముందు గౌరీశ్వరి. ఎనిమిదో తరగతి, పరుగు పందేల్లో జిల్లాకి మొదటిది. కామేశం స్టెతస్కోపు దాని పొట్టమీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లోపల గుడగుడమంది.

"పని జరుగుతోంది," అన్నాడు భక్తిగా.

"అది ఆకలి సార్," అంది సత్యవేణి. "కడుపులో పేగులరుస్తున్నాయి."

"అరుపా, పనా అన్నది మన పరిధి కాదండి. లోపల ధ్వని ఉంది. అంటే పొద్దుటి ఉప్మా మీద ఇంకా చర్య నడుస్తోంది. ఒక విడత నడుస్తుండగా ఇంకో విడత ఎలా వదులుతాం? కాలవ తెగిపోదూ?"

ఖాళీ కడుపు కూడా ఊరికే ఉండదు. తిన్నది వెళ్ళిపోయాక పేగు తన వాకిలి తానే ఊడ్చుకుంటుంది, ఆ ఊడ్పు చప్పుడే మనకి వినిపించే గుడగుడ. ఈ సంగతి ఏ తల్లినడిగినా ఆ మాటల్లో కాకపోయినా చెబుతుంది. కానీ తల్లుల వాంగ్మూలానికి సర్క్యులర్లో చోటు లేదు. పిల్లలకి ఆకలి పెరిగినకొద్దీ చప్పుడు పెరిగింది. చప్పుడు పెరిగినకొద్దీ కామేశం ముఖం వెలిగింది. 'పనులు ముమ్మరంగా సాగుచున్నవి' అని జిల్లాకి నివేదిక పంపాడు.

వరస చివర ఒక బక్కపిల్ల పొట్టలో ఏ చప్పుడూ లేదు. సత్యవేణికి ప్రాణం లేచొచ్చింది.

"దీనికైనా పెట్టొచ్చా సార్?"

"ధ్వని లేదంటే యంత్రం ఆగినట్టు. ఆగిన యంత్రంలో సరుకు పొయ్యకూడదండి, పాడైపోతుంది." ఆ మాట కూడా ఆయన జాలిగానే అన్నాడు.

నాలుగు గంటలు కాగానే పప్పన్నం గుండిగ వంటింటి వెనక గోతి దగ్గరికి వెళ్ళింది. వంటమనిషి అప్పలనరసమ్మ గుండిగ వంచుతూ లబోదిబోమంది. "ఏటమ్మగోరూ ఇది? పసిపిల్లలు ఆకలో అని అరుత్తంటే అన్నం తీసుకెళ్ళి గోతిలో పోత్తామా? ఆ అన్నపూర్ణమ్మ మన మొగం సూత్తాదేటి?"

"నోరు మూసుకో నరసమ్మా. ఉత్తర్వు," అంది సత్యవేణి. అని, అటు తిరిగి కొంగు కళ్ళకద్దుకుంది.

గోతి దగ్గర ఊరకుక్కలు బారులు తీరాయి. వాటి పొట్టకి ఎవరూ స్టెతస్కోపు పెట్టలేదు. కామేశం పక్కన నిలబడి, ఆహారం పూర్తిగా పడిందా లేదా చూసి, 'పారబోత సక్రమం' అని సంతకం పెట్టాడు. పారబోతకి మాత్రం ముందస్తు ధ్రువీకరణ అక్కర్లేదు.

రాత్రంతా గడుస్తుంది కాబట్టి పొద్దుటి విడతకి అభ్యంతరం లేకపోయింది. అలా పిల్లలు ఒంటిపూట భోజనం మీద పడ్డారు. ఆ ఒక్క పూటలో కూడా సవరణలొచ్చాయి. నూనె జీర్ణం కావాలంటే పిత్తరసం కావాలి, దానికి కాలేయం సమ్మతి తెలపాలి, సమ్మతి ఏ రూపంలో తీసుకోవాలో జిల్లా నుంచి స్పష్టత రాలేదు. అందుకని పోపు ఆగిపోయింది. నీళ్ళు పెద్దపేగు కూడా పీల్చుకుంటుంది కాబట్టి నీళ్ళు ఏ పేగు ఖాతాలో రాయాలన్న మీమాంస లేచి, గ్లాసులు సగానికి తగ్గాయి.

ఐదోరోజు ప్రార్థన మధ్యలో గౌరీశ్వరి శోషొచ్చి పడిపోయింది. సత్యవేణి దాన్ని ఎత్తుకుని గదిలోకి తీసుకెళ్ళి, తలుపేసి, తన సంచిలోంచి బెల్లం ముక్కా, అటుకులూ తీసి నోట్లో పెట్టింది. పిల్ల నమిలే ఓపిక లేక చప్పరించింది. కాస్త తేరుకున్నాక మెల్లిగా, "మేడమ్, ఇంకెన్నాళ్ళండీ ఇలాగ? ఇంటికెళ్ళిపోతానండి. మాయమ్మ గంజైనా పోత్తాది," అంది. సత్యవేణి ఇంకో పిడికెడు అటుకులు దాని చేతిలో పోసింది.

సాయంత్రం కామేశం గౌరీశ్వరి పొట్ట విని కనుబొమలు ముడిచాడు. "ఇక్కడ విడుదల కాని పదార్థం మీద పని జరుగుతోంది," అన్నాడు. మర్నాడు జిల్లా నుంచి మెమో వచ్చింది. 'అనధికార శోషణకు సహకరించినందులకు మీ ప్రొబేషన్ ఏల రద్దు చేయరాదో సంజాయిషీ ఇవ్వవలెను.' సత్యవేణి ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఈసారి మాత్రం దానికి పసుపు దారం కట్టలేదు.

ఇంకేముంది, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని జిల్లా కచేరీకి పరిగెత్తింది. గోడంత పేగుల పటం ముందు బెత్తం పట్టుకుని నిలబడి ఉన్నారు విశ్వంభరం గారు.

"సార్, పిల్లలు పడిపోతున్నారు. కనీసం రెండు పూటలైనా పెట్టనివ్వండి సార్."

"నువ్వు జీర్ణాశయం దగ్గరే ఆగిపోయావమ్మా!" అన్నారాయన బెత్తంతో పటం మీద కొడుతూ. "నేను పెద్దపేగు దాకా వచ్చాను. చిన్నపేగుతో లెక్క తేలుతుందా? మిగులు బయటికి రావాలి కదా! మిగులు చూపించకుండా ఏ పనైనా పూర్తయిందని మూసేస్తామా? రేపట్నుంచి ఉదయం విడతకి కూడా తుది మిగులు చూపించాలి."

సత్యవేణికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ముఖం కందిపోయింది. "సార్, లోపలికి ఏమీ వెళ్ళకపోతే బయటికి ఏం వస్తుందండీ?"

"ఏమీ రాకపోతే లెక్క మూయబడలేదన్నమాట. లెక్క మూయకపోతే కొత్త విడత లేదు."

"కొత్త విడత లేకపోతే మరి మిగులెలా వస్తుంది సార్?"

"అదీ! ఇప్పుడు నీకు విషయం ఒంటబట్టింది," అన్నారాయన మెచ్చుకోలుగా. "గురువారం నేనే వస్తున్నాను. మీది ఆదర్శ వసతి గృహంగా ప్రకటిద్దామని ఉంది. ఖర్చు అంత తగ్గించినవాళ్ళు జిల్లాలో ఇంకొకరు లేరు."

పెద్దాఫీసరు తనిఖీకొస్తే కోడి కొయ్యాలి. ఇది ఏ సర్క్యులర్లోనూ రాసి లేదు, ఏ సర్క్యులరూ దీన్ని రద్దు చెయ్యలేదు. వార్డెన్లంతా తలా కొంత పోగేసి సరుకులు పంపారు. గురువారం పొద్దున్నుంచీ అప్పలనరసమ్మ వంటింట్లో కోడికూర, వంజరం చేప వేపుడు, గోంగూర, గుత్తొంకాయ, గుండిగెడు పులావు చేసింది. ఆయన వెంట ఎంతమంది వస్తారో తెలియదు కాబట్టి పెళ్ళికి వండినట్టు వండింది. ఆ వాసన పక్కనే ఉన్న బడి తరగతి గదుల్లోకి వెళ్ళింది. పాఠం చెబుతున్న టీచరు మధ్యలో ఆగి గుటక మింగింది. బుధవారం నుంచీ పిల్లల నోట్లో అన్నం మెతుకు పడలేదు.

విశ్వంభరం గారు పదకొండున్నరకి దిగారు. వెంట డ్రైవరొక్కడే. పిల్లల్ని వరండాలో నేలమీద కూర్చోబెట్టారు. ఆయన వాళ్ళకి చిన్నపేగు పొడుగు ఇరవై అడుగులకి పైమాటేననీ, అంత పేగుని మడతలు పెట్టి పొట్టలో ఇమిడ్చిన ప్రకృతి పొదుపుని మనం నేర్చుకోవాలనీ గంటసేపు చెప్పారు. ఆ తరవాత చేతులు కడుక్కుని, వార్డెన్ గదిలో పరిచిన అరిటాకు ముందు కూర్చున్నారు.

"మీ ఇంటి దగ్గర టిఫిన్ చేసే బయల్దేరారా సార్?" అని అడిగింది సత్యవేణి, చేతులు కట్టుకుని.

"ఆఁ, ఏదో నాలుగిడ్లీ, ఒక పెసరట్టు. ఊఁ, వడ్డించండి."

ఉద్యోగం పోతే పోయింది, ఇక తప్పదనుకుంది సత్యవేణి. గుమ్మం వైపు తిరిగి, "కామేశం గారూ, ఒకసారి ఇలా రండి. సార్ టిఫిన్ చేసి వచ్చారట," అంది.

కామేశం వచ్చాడు. స్టెతస్కోపు సర్దుకున్నాడు. "ఒక్క క్షణం సార్," అని వినయంగా వంగి, విశ్వంభరం గారి చొక్కా మీద ఆనించాడు. కోడికూర వాసన ముక్కుకి తగిలితే చాలు, నోట్లో నీళ్ళూరుతాయి, కడుపు కూడా తన పని మొదలెడుతుంది. ఈ విషయంలో అధికారి కడుపుకీ, ఆడపిల్ల కడుపుకీ తేడా లేదు. లోపల దండోరా వేసినట్టు మోగింది.

"పని జరుగుతోంది సార్. ఇడ్లీ మీద."

"ఏమిటయ్యా వెటకారం? అది ఆకలి!"

"ఆకలి అభిప్రాయం సార్. తమరే సెలవిచ్చారు."

"నేను జిల్లా అధికారినయ్యా!"

"ఆవరణలో వడ్డించబడు ప్రతి భోజనమునకు అని తమరే రాశారు సార్. మినహాయింపు ఉంటే నేనెందుకు కాదంటాను?" కామేశం కళ్ళల్లో నిజంగానే బాధ కనిపించింది. "పోనీ తుది మిగులేమైనా చూపించగలరా?"

విశ్వంభరం గారు ఆకు ముందునుంచి లేచారు. సర్క్యులర్ని అప్పటికప్పుడు రద్దు చేసేస్తానన్నారు. తీరా చూస్తే రద్దుకి ముగ్గురు సభ్యుల సంఘం కూర్చోవాలని ఆయనే పెట్టిన నిబంధన ఒకటుంది, ఆ సంఘం వచ్చే నెల గాని కూర్చోదు. రాజధానికి ఫోన్ చేశారు. "చాలా మంచి ప్రశ్న. ఫైలు పంపండి," అన్నారు అటువైపు నుంచి. ఇంకో చోటికి చేశారు. భోజనానికి వెళ్ళారని చెప్పారు. కారెక్కి వెళ్ళిపోదామంటే డ్రైవరు ఊళ్ళో హోటలుకి వెళ్ళి ఎంతకీ తిరిగి రాలేదు. వాడికి ధ్రువీకరణ అవసరం లేదు.

మూడయింది. కామేశం గడియారం చూసుకుని వచ్చాడు. "పదకొండుకి దింపిన వంట కదండి. నాలుగు గంటలయింది. పారబొయ్యాలి."

అప్పలనరసమ్మ ఒకవైపు, సత్యవేణి ఒకవైపు పట్టుకుని కూర, వేపుడు గిన్నెలతో సహా పులావు గుండిగ మోసుకుంటూ వెనక్కి నడిచారు. గోతి చుట్టూ కుక్కలు ముందే వచ్చి కూర్చున్నాయి. వారం రోజుల్లో బలిసి నిగనిగలాడుతున్నాయి. అందులో ఒకటి కడుపునిండా తిన్నదిలా ఉంది, లేవకుండానే తోకాడించింది. సత్యవేణి దాన్ని చూసింది. వెనక్కి తిరిగి వరండాలో గోడలకి జారగిలబడ్డ పిల్లల్ని చూసింది. ఒళ్ళు మండిపోయింది.

"నరసమ్మా, ఇటు తిప్పు," అంది.

"ఎటమ్మా?"

"వరండాలోకి. పిల్లలూ, పళ్ళేలు తెచ్చుకోండి!"

నూట పాతిక పళ్ళేలు ఒక్కసారి మోగాయి. సత్యవేణి గరిటె ముంచి మొదటి గరిటె గౌరీశ్వరి పళ్ళెంలో వేసింది. ఆ తొందరలో సగం మెతుకులు కింద పడ్డాయి. గౌరీశ్వరి ముందు ఆ మెతుకులే ఏరుకుని తింది. కామేశం పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారమ్మా? ధ్రువీకరణ లేని భోజనం!"

"భోజనం కాదండీ, పారబోస్తున్నాను," అంది సత్యవేణి.

"గోతిలో కదమ్మా పొయ్యాలి?"

"పారబొయ్యమన్నారు గాని, ఎందులోనో చెప్పలేదు కదండీ. ఇవీ గోతులే. చూడండి ఎంత లోతుకి పోయాయో." గౌరీశ్వరి పొట్టమీద చెయ్యివేసి చూపించింది. అప్పటిదాకా ఉగ్గబట్టుకున్నది కాస్తా పగిలింది. "మీకు పిల్లలున్నారు కదండీ! ఉద్యోగం తీసేయించండి, జైల్లో పెట్టించండి, నేను మాత్రం ఇవాళ వీళ్ళ కడుపుల్లోనే పారబోస్తాను!"

కామేశం సర్క్యులర్ని మనసులో మొదటి నుంచీ చివరిదాకా చదువుకున్నట్టున్నాడు, పెదవులు కదిలాయి. పారబోతకి ధ్రువీకరణ లేదు. కుక్కలకి లేని అభ్యంతరం పిల్లలకి పెట్టడానికి నిబంధనా లేదు. ఆయన స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకుని, కలం తీసి, 'పారబోత సక్రమం' అని సంతకం పెట్టాడు. తరవాత చొక్కా చేతులు పైకి మడిచి, రెండో గరిటె అందుకున్నాడు.

వరండా నిండా నమిలే చప్పుడొక్కటే. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి ముల్లు తీసి వంజరం పెడుతున్నారు. అప్పలనరసమ్మ ఏడుస్తూనే, "మెల్లిగా తినండర్రా, పొలమారతాది," అని కసురుతోంది.

గుండిగ అడుగంటుతుండగా వరస చివర ఒక పెద్ద నీడ పడింది. సత్యవేణి తలెత్తింది. విశ్వంభరం గారు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. పళ్ళెం ఎక్కడ సంపాదించారో, అంచున ఎవరో పిల్ల మేకుతో గీకిన పేరు కనిపిస్తోంది.

"నాక్కూడా కొంచెం..." అని ఆగారు. మాట కోసం వెతుక్కున్నారు. వడ్డించండి అంటే సర్క్యులర్ అడ్డం వస్తుంది. పెట్టండి అన్నా వస్తుంది. కామేశం పక్కనే ఉన్నాడు, వింటున్నాడు. సత్యవేణి గరిటె పట్టుకుని, తొందరేమీ లేనట్టు ఎదురుచూసింది.

"కొంచెం... పారబొయ్యమ్మా," అన్నారు.

ఆవిడ పారబోసింది. అడుగున మిగిలిన మాడుతో సహా.

ఇంత జరిగాక సర్క్యులర్ రద్దయి ఉంటుందనుకుంటే మీకు ప్రభుత్వం గురించి తెలియదన్నమాట. సంఘం కూర్చుంది. శోషణ ధ్రువీకరణ విధానం అద్భుతంగా పనిచేస్తోందని తీర్మానించింది. దాంతోపాటు పారబోత రోజుకి మూడుసార్లు, వేడిగా ఉండగానే, విధిగా జరగాలని అనుబంధ ఉత్తర్వు ఇచ్చింది. వడ్డించిన భోజనాలు సున్నా, గోతిలో వృథా సున్నా అని కొండెంపేటకి ఒక షీల్డు కూడా వచ్చింది. సత్యవేణి మెమో ఆ హడావుడిలో ఎటుపోయిందో పోయింది. కుక్కలు నాలుగురోజులు ఎదురుచూసి, వేరే ఊరు వెతుక్కున్నాయి.

దసరా సెలవులయ్యాక గౌరీశ్వరిని దిగబెట్టడానికి వాళ్ళమ్మ వచ్చింది. వస్తూనే వార్డెన్ గది ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటమ్మగోరూ మీరు నేర్పుతన్నది? ఇంటికొచ్చిందా, కంచం ముందెట్టుకుని, 'అమ్మా, అన్నం పారబొయ్యే' అంటాది. పండగపూట! మాయత్త ఇనీసి గుండెలు బాదుకుంది. బడికంపితే మాటలిలాగ తగలడతాయేటి?"

సత్యవేణి గౌరీశ్వరిని దగ్గరకి పిలిచింది. రెండు చేతులతో దాని బుగ్గలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. బుగ్గలు నిండాయి.

"మాట సంగతి నేను చూసుకుంటాలే అమ్మా," అంది. "పిల్ల ఒళ్ళు చేసిందా, లేదా?"

వాళ్ళమ్మ కూతుర్ని పైనుంచి కిందకి చూసింది. కోపం కాస్త దిగింది.

"సేసింది. అబద్దమేటి, ఈ సారి తిన్నది బాగానే ఒంటబట్టినాది."

వంటింట్లోంచి గంట మోగింది. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరసకి పరిగెత్తారు. గౌరీశ్వరి వాళ్ళమ్మ చెయ్యి వదిలించుకుని అందరికంటే ముందుకి దూసుకుపోయింది.